సమాధానంగా లేనివాడు

"అందరూ సమాధానంగా ఉన్నారా?" అని పాదిరి క్రెన్షా అయ్యగారు అడిగారు.

అమెరికాలో, కెంటకీలోని లిక్ బ్రాంచ్ బాప్టిస్టు సంఘంలో ప్రభురాత్రి భోజనానికి ముందు శనివారం ఈ మాట, అంటే ఒకరి మీద ఒకరికి మనస్పర్థలు లేకుండా ఉన్నారా అని, అడగడం వాడుక. ఎవరికైనా ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే అప్పుడే లేచి చెప్పాలి. అది తేలేదాకా రొట్టె విరవకూడదు. మామూలుగా ఎవరూ లేవరు. లేచినా కంచె దాటిన పందుల గురించో, తాగి అన్న మాటల గురించో.

ఆ శనివారం పైన అటక మీద, బానిసల బల్లల్లోంచి, ఎఫ్రాయిమ్ లేచాడు.

"నేను సమాధానంగా లేనయ్యా."

కింద తలలన్నీ పైకి తిరిగాయి. పక్కనున్న ముసలి ఫిబ్బీ అత్త అతని చొక్కా పట్టి లాగింది.

"కూర్చోరా సచ్చినోడా! వీపు దురద పెడుతోందా?"

అతను కూర్చోలేదు.

"పోయిన సోమవారం థాకర్ దొరగారు నా పెళ్ళాం కెజయాని వ్యాపారికి అమ్మేశారు. మాకు పెళ్ళి చేసింది తమరే. మనిషన్నవాడు మమ్మల్ని విడదీయకూడదని చెప్పిందీ తమరే. ఆయన నాకు యజమాని. సంఘంలో మాత్రం సహోదరుడు. అందుకే సంఘానికి చెప్పుకుంటున్నా."

జనపచేలో కోతకోస్తూ నాలుగు రోజులు ఆలోచించి వచ్చాడు. కెజయా ఇంకా లెక్సింగ్టన్‌లో వ్యాపారి దొడ్డిలోనే ఉంది. ఎండలు తగ్గాక కొన్న బానిసలందర్నీ మందలా దక్షిణానికి తోలతారు. ఈలోగా తన ఫిర్యాదు తేలకపోతే రొట్టె ఉండదు, ద్రాక్షారసం ఉండదు. అవి లేకుండా వీళ్ళు ఉండలేరు. కాబట్టి కెజయాని వెనక్కి తెస్తారు. ఎఫ్రాయిమ్ సంఘం నియమాన్ని అంతగా నమ్మాడు.

థాకర్ లేచాడు. కూతురికి పియానో కొనడానికి కెజయాని అమ్మాడని ఊరందరికీ తెలుసు.

"నా గుర్రాన్ని నేను అమ్ముకుంటే, రెండో గుర్రం వచ్చి సంఘంలో ఫిర్యాదు చేస్తుందా?"

కొందరు నవ్వారు. బండిచక్రాలు చేసే స్టొడార్డ్ నవ్వలేదు. అతను బానిసత్వం లేని ఉత్తరాది నుంచి, పెన్సిల్వేనియా నుంచి, వచ్చి స్థిరపడ్డవాడు.

"గుర్రానికి మనం బాప్తిస్మం ఎప్పుడిచ్చాం, బ్రదర్ థాకర్?"

క్రెన్షా అయ్యగారు గొంతు సవరించుకున్నారు. బానిసల పెళ్ళిలో ప్రమాణం 'చావుగానీ దూరంగానీ విడదీసేవరకు' అని ఉంటుందనీ, ఎఫ్రాయిమ్ ఆ మాట తన నోటితోనే పలికాడనీ గుర్తుచేశారు.

"పలికించారయ్యా," అన్నాడు ఎఫ్రాయిమ్.

"ఆ దూరం అన్న మాట బైబిలు వాక్యంలో ఎక్కడుందో చూపించండి," అన్నాడు స్టొడార్డ్.

విషయం వచ్చే శనివారానికి వాయిదా పడింది.

ఆ శనివారం ఎన్నడూ చర్చి గుమ్మం తొక్కని మగవాళ్ళు కూడా వచ్చారు. స్టొడార్డ్ బానిసత్వాన్ని ఖండించే ఉత్తరాది పత్రికలు తెచ్చాడు. థాకర్ తోడల్లుడు వాటిని చేత్తో నెట్టేశాడు.

"మీ మిల్లుల్లో పసిపిల్లల చేత పద్నాలుగు గంటలు చాకిరీ చేయించుకుంటూ మాకు నీతులు చెప్పొచ్చారా?"

"వాళ్ళ తల్లుల్ని మేం అమ్మలేదు!"

"మేం పండించిన పత్తి నేసేటప్పుడు గుర్తుకు రాలేదా ఈ మాట?"

మాటల్లోకి టెక్సాస్ వచ్చింది. సుంకాలు వచ్చాయి. వాషింగ్టన్‌లో ఎవరెవరు ఏమేం ప్రసంగించారో వచ్చింది. మూడు గంటల్లో కెజయా పేరు ఒక్కసారి వినపడింది. అదీ తప్పుగా పలికారు.

బయట బళ్ళ దగ్గర ఎఫ్రాయిమ్ టోపీ తీసి స్టొడార్డ్ ఎదుట నిలబడ్డాడు.

"దొరా, ఆమె ఇంకా అక్కడే ఉంది. మీవాళ్ళు తలా కొంచెం వేసుకుంటే వ్యాపారి వదిలేస్తాడు. నేను బతికినంతకాలం పొద్దుగూకాక మీ కొట్లో పనిచేసి తీరుస్తా."

స్టొడార్డ్ కళ్ళు చెమర్చాయి.

"కొనమంటావా ఎఫ్రాయిమ్? మనిషికి వెల కట్టినవాడికీ ఆ వెల ఇచ్చినవాడికీ తేడా ఏముంది? ఆ మురికిలో నేను చెయ్యి పెట్టను. ఓపిక పట్టు. సూత్రం నెగ్గాలి."

"సూత్రం నెగ్గేదాకా ఆమెని అక్కడ ఉంచరు కదా దొరా."

స్టొడార్డ్ అతని భుజం తట్టి బండెక్కాడు. శుభ్రమైన చేతులతో ఇంటికి వెళ్ళాడు.

మూడో శనివారం సంఘం రెండుగా చీలింది. స్టొడార్డ్ పక్షం ముప్ఫై ఏడుగురు లేచారు. సభ్యుల పేర్లుండే సంఘం పుస్తకం తమదన్నారు. థాకర్ పక్షం ఇవ్వనంది. ఇరవై ఏళ్ళుగా ఒకరి చేను ఒకరు కోసిపెట్టుకున్నవాళ్ళు, ప్రభురాత్రి భోజనపు గిన్నె పట్టుకుని ఇటొకరు అటొకరు లాగారు. వెండిగిన్నె చొట్టపోయింది. క్రెన్షా అయ్యగారు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చారు. ఆడవాళ్ళు ఒకరినొకరు కావలించుకుని, విడిపించుకుని, తమ తమ మొగుళ్ళ వెనక నడిచారు.

పదహారేళ్ళ తర్వాత దేశం కూడా ఇలాగే చీలింది. అప్పుడు లేచి వెళ్ళినవాళ్ళు దక్షిణాదివాళ్ళు, అంతే. గిన్నె బదులు ఫిరంగులు లాగారు.

అటక మీదివాళ్ళు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. వాళ్ళని ఎవరూ ఏ పక్షమని అడగలేదు.

మర్నాడు ఆదివారం రెండు పక్షాలూ రెండు చోట్ల రొట్టె విరిచాయి.

సోమవారం పొద్దున్నే థాకర్ పిలిచాడు. నెగ్గానన్న తృప్తిలో ఉన్నాడు.

"ఒరే, లెక్సింగ్టన్ వెళ్ళి దాన్ని ఒకసారి చూసిరా. దారిలో ఎవరూ ఆపకుండా పొద్దుగూకేదాకా చీటీ రాసిస్తున్నా. ఇక దీనితో గోల ఆపెయ్."

ఫిబ్బీ అత్త జొన్నరొట్టె మూటకట్టి ఇచ్చింది. "దానికి పెట్టు. నువ్వు తినేసేవు," అని ముఖం తిప్పుకుంది.

పన్నెండు మైళ్ళు. సగం నడిచాడు, సగం పరిగెత్తాడు.

దొడ్డి తలుపు బార్లా తీసి ఉంది. లోపల నేల మీద సున్నం చల్లుతూ కాపలావాడొకడున్నాడు.

"ఎవరి కోసం?"

ఎఫ్రాయిమ్ చీటీ చూపించాడు. వాడు చదివి తిరిగిచ్చాడు.

"గురువారమే తోలేశాం. మగాళ్ళని గొలుసుకి కట్టి, ఆడాళ్ళని వెనక నడిపించి. లూయీవిల్ దాకా నడక. అక్కణ్ణుంచి పడవ."

వాళ్ళు గిన్నె లాక్కునే వేళకు కెజయా రెండు రోజులుగా నడుస్తోంది.

"కెజయా అని... ఆమె ఏ ఊరికి పోతుందో చెప్తారా?"

"పేర్లు మేం రాసుకోం. వయసూ ఎత్తూ రాసుకుంటాం. ఎంత ఎత్తుంటుంది?"

ఎఫ్రాయిమ్ అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి, తన మెడకింది ఎముక దగ్గర ఆపాడు. పక్కన నిలబడితే ఆమె తల అక్కడికి వచ్చేది.

కాపలావాడు చూశాడు.

"ఆ ఎత్తువాళ్ళు పదకొండుమంది పోయారు," అని మళ్ళీ సున్నం చల్లసాగాడు.

ఎఫ్రాయిమ్ వెనక్కి తిరిగాడు. చెయ్యి మాత్రం దించలేదు. దించితే ఆ ఎత్తు మరిచిపోతానేమోనని భయమేసింది.