పీఠం గది దూలం

ఉన్ని మూట విప్పి, లోపలి పోగు వేళ్ల మధ్య నలిపి చూడందే లాంబర్ట్ ఏనాడూ బేరం ఒప్పుకోలేదు. అలాంటి మనిషి హార్‌కోంబ్ గుడికి చెందే దశమభాగం హక్కును మాత్రం పొలాలు చూసి, కొట్టాలు చూసి కొనేశాడు. గుడి కప్పు చూడలేదు.

రెండు వందల ఏళ్లుగా ఆ ఊరి పంటలో పదో పన, అంటే కోసిన ప్రతి పది కట్టల్లో ఒకటి, మఠం సన్యాసులకు పోయేది. ఊరి పాదిరికి వాళ్లు కోడిగుడ్లు, బాతుపిల్లలు, పెరటి కూరగాయల్లో పదో వంతు వదిలేవారు. రాజుగారు మఠాలు మూయించి ఆస్తులు అమ్మకానికి పెట్టినప్పుడు లాంబర్ట్ అప్పుచేసి మరీ ఈ హక్కు కొన్నాడు. హక్కుతోపాటు మరో రెండు వచ్చాయి. ఒకటి, బలిపీఠం ఉండే గదిలో, పీఠానికి పక్కనే, హక్కుదారు కూర్చునే పెద్ద బల్ల. రెండోది, ఆ గది కప్పు బాగుచేయించే పూచీ. జనం కూర్చునే సాల బాగోగులు జనానివి. పీఠం గది మాత్రం దశమభాగం తినేవాడిది.

బుధవారం నాడు కారుతున్న చోటు చూడమని గాడ్‌ఫ్రీ మేస్త్రీని పైకెక్కించాడు. మేస్త్రీ దిగి వచ్చి చెయ్యి చూపించాడు. మణికట్టు దాకా చెక్కపొడి.

"దూలం గోడలోకి దిగే కొస ఉంది చూశారూ, అక్కడ వేలు పెట్టాను. చెయ్యంతా లోపలికి పోయిందయ్యా. పైన పెచ్చు నిలబడింది, లోపల పిండే."

"ఎన్నాళ్లు ఆగుతుంది?"

"ఏం చెప్పమంటారు? నేను దిగుతుంటే పడలేదు, అదే నా అదృష్టం."

కొత్త ఓక్ దుంగ, సీసం రేకులు, కూలి. రెండేళ్ల గింజలు అమ్మినా సరిపోవు. పంట ఇంటికొచ్చేది ఆగస్టులో. అంటే ఇంకా ఇరవై రెండు ఆదివారాలు. లాంబర్ట్ మేస్త్రీకి ఒక బస్తా బార్లీ ఇచ్చి నోరు మూయించాడు.

ఆ బల్ల మీద కూర్చోవడం మానేస్తే సరిపోయేది కదా అంటే, కుదరదు. సన్యాసులే లేనప్పుడు వాళ్ల వాటా ఎక్కడిదని రైతులు అప్పటికే గొణుగుతున్నారు. కోతల్లో పదో పన మీద గుర్తుగా పచ్చకొమ్మ గుచ్చడానికి వాళ్లకు చేతులు రావడం లేదు. హక్కు తనదని ఊరందరి కళ్లకూ కనబడేది ఆ బల్ల మీదే. పైగా ఈస్టర్ వెళ్లాక బిషప్ మనుషులు తనిఖీకి వస్తారు. కప్పు పాడైందని గుడిపెద్ద హంఫ్రీ చెప్పాడా, బాగుచేసేదాకా గింజలన్నీ వాళ్లే జప్తు చేస్తారు. అప్పిచ్చినవాడు అంతదాకా ఆగడు.

ఆదివారం పొద్దున అతని భార్య సిస్లీ ముసుగు సర్దుకుంటోంది. ఆమెకు ఎనిమిదో నెల.

"ఇవాళ్టికి ఇంట్లో ఉండవే. వాన పడుతోంది."

"వానకు కరిగిపోతానా? దేవుడి గింజలు తినే ఇంట్లో బిడ్డ బతకదని బావి దగ్గర అంటున్నారండీ. నేను రాకపోతే అప్పుడే ఏదో అయిందంటారు. వాళ్ల కళ్లముందే కూర్చుంటాను, చూసి ఏడవనీ."

నిజం చెబుదామని లాంబర్ట్ నోరు తెరిచాడు. సిస్లీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇరవై రెండిట్లో ఒక్కటి, ఒక్క గంట, అనుకుని నోరు మూసుకున్నాడు.

బల్ల సరిగ్గా దూలం కిందే ఉంది. పాదిరి బార్నబీ ప్రార్థన మొదలుపెట్టాడు. అతని గొంతు ఎప్పుడూ మెల్లగానే నడుస్తుంది, ఆ రోజు మరీ పాకుతున్నట్టుంది. వాననీటికి తడిసి కప్పు మీది సీసం బరువెక్కుతోందా అని లాంబర్ట్ లెక్క వేశాడు. సీసం తడవదని గుర్తొచ్చింది. చెక్క తడుస్తుంది.

పైన ఎక్కడో చిన్నగా కిర్రుమంది. పాదిరికి వినబడలేదు. సిస్లీ నల్ల ముసుగు మీద పచ్చటి పొడి, చిటికెడు, రాలింది. ఆమె చూసుకోలేదు. నవ్వుతూ అతని చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది.

మళ్లీ కిర్రుమంది. ఈసారి పొడవుగా.

లాంబర్ట్ ఆమె రెక్క పట్టి లేపాడు.

"ఇంకా ఆమెన్ అనలేదండీ!"

"నడువు. పాదిరిగారూ, బయటికి రండి! దూలం!"

చేతిలో పుస్తకంతో పాదిరి, వెనకాల వీళ్లిద్దరూ సాలలోకి వచ్చి పడ్డారు. జనం లేచి నిలబడ్డారు. అందరూ పైకి చూశారు. దూలం ఉన్నచోటే ఉంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏంటి షావుకారుగారూ, కలగన్నారా?" అన్నాడు హంఫ్రీ.

"కొస పుచ్చిపోయింది. లోపలంతా పొడే."

"బల్ల మీద కూర్చుని లోపల పొడి చూశారా? మహా చూపే! ఎప్పుడు తెలిసిందేం?"

"బుధవారం."

హంఫ్రీ నవ్వు ఆగిపోయింది. సిస్లీ ముసుగు తీసి, దాని మీది పొడిని చూసింది. అతని చేతిలోంచి రెక్క విడిపించుకుంది.

"బుధవారమా? మరి నన్నక్కడ కూర్చోబెట్టావా?"

పెళ్లయ్యాక ఆమె అతన్ని ఏకవచనంతో పిలవడం అదే మొదలు.

గాడ్‌ఫ్రీ అప్పటికే వరండాలోంచి ఊత గుంజలు రెండు లాక్కొచ్చాడు. "ఇప్పుడే కిందినుంచి పోటు పెట్టాలి. రాత్రికి పడితే గోడతో సహా పోతుంది. ఒకరు దూలం కిందికొచ్చి గుంజ పట్టుకోండి."

ఎవరూ కదల్లేదు.

"దాని కింద కూర్చునే హక్కు ఊళ్లో ఒక్కరిదేగా" అన్నాడు హంఫ్రీ. "మేమెలా వస్తాం? తనిఖీవాళ్లకు చెప్పాల్సింది మాత్రం నేను చెబుతాను."

లాంబర్ట్ లోపలికి వెళ్లాడు. గుంజను దూలం కింద నిలబెట్టి రెండు చేతులా కావిలించుకున్నాడు. మేస్త్రీ గుంజ అడుగున చెక్కముక్క దూర్చి సుత్తితో కొట్టాడు. దెబ్బకోసారి పైనుంచి పొడి లాంబర్ట్ జుట్టులో, కళ్లలో పడుతోంది. దూలం పొట్టలో ఏదో చీలుతున్న చప్పుడు గుంజలోంచి అతని ఛాతీలోకి దిగుతోంది.

"గాడ్‌ఫ్రీ, సిస్లీ గుమ్మం దగ్గరుందా?"

"లేదయ్యా. పాదిరిగారితో వెళ్లిపోయింది."

"ఇంటికేనా?"

"మీ ఇంటివైపు తిరగలేదు. కదలకండి, ఇంకో దెబ్బ ఉంది."