బండి మీద లేని చోటు

గ్లోరీ బియ్యం సంచిని బండికి కుడివైపు, జొన్నపిండి సంచిని ఎడమవైపు వేలాడగట్టి, ఎటైనా ఒరుగుతోందేమోనని హ్యాండిల్ పట్టుకుని ఊపి చూసింది. ధారూరు క్రైస్తవ జాతరకు నారాయణఖేడ్ నుంచి సామాను కట్టడమంటే మాటలా? నవంబరు చలిలో, ఆరుబయట, నాలుగు రోజులు డేరాలో ఉండాలి. ఏ ఒక్కటి మరిచినా తప్పు కోడలిదే. నిరుడు అగ్గిపెట్టె మరిచిందని అత్త హన్నమ్మ చుట్టుపక్కల డేరాలన్నీ వినేలా, "గింత మతిలేని దాన్ని తెచ్చుకుంటిమి" అంది. మొగుడు సైమన్ పక్కనే ఉన్నాడు. నోరు మెదిపితే ఒట్టు.

వెనక సీటు మీద డేరా వేసే తాటిపత్రి పరిచింది, దాని మీద ఎనిమిది రగ్గులు పేర్చింది. దాని వెనక క్యారియర్ మీద పెద్ద దేగిస, అందులో రొట్టెల పెంక, కంచాలు, గరిటెలు, పప్పు. పాత ట్యూబు కోసిన పట్టీలతో లాగి బిగిస్తుంటే పుట్టినూరు సిర్గాపూర్ గుర్తొచ్చింది. పుట్టింట్లో ఉన్నప్పుడు ఇదే జాతరలో, పెద్ద పందిరి కింద, మొదటి వరసలో నిలబడి పాట ఎత్తుకునేది తనే. పెళ్లయ్యాక పదకొండుసార్లు పోయింది గానీ పందిరి కిందికి ఒక్కసారీ పోలేదు. ముగ్గురు మరుదులు, మోకాళ్ల నొప్పుల అత్త, ఇద్దరు పిల్లలు, మొగుడు. మూడు రాళ్ల పొయ్యి ముందు అందరికీ రొట్టెలు కొట్టేసరికి ప్రార్థన అయిపోయేది. "మైకులు పెట్టిండ్రు గదా, గీడికెల్లి ఇనబడ్తలేదా?" అంటాడు సైమన్. ఎందుకు వినబడదు, ఎవరి గొంతో వినబడుతుంది. నిరుడు ఆఖరి రోజున ఒక్క పాటకు పోయొస్తానంటే, "పో, అన్నం మాడితే నువ్వే తిను" అన్నాడు. ఆమె పోలేదు. అతని మాటకన్నా, తాను పోకపోవడమే ఏడాదంతా ఆమెను కాల్చింది.

అత్తా మరుదులూ పిల్లల్ని తీసుకుని తెల్లారుజామునే జీపులో వెళ్లారు; అందులో మనుషులకే చోటు చాల్లేదు. సైమన్ చెప్పులేసుకుని వచ్చి బండి స్టార్ట్ చేశాడు.

"జల్దీ ఎక్కు."

గ్లోరీ బండి చుట్టూ తిరిగి చూసింది. ఎక్కడ ఎక్కాలి? అందరి రగ్గులూ కట్టింది, అందరి కంచాలూ కట్టింది, తనకు జానెడు చోటు ఉంచుకోలేదు. తన చేతులతో తానే కట్టింది. ఆమెకు నవ్వొచ్చింది.

"ఏంది నవ్వుతున్నవ్? ఎన్క ఎక్కి దేగిస ఒళ్లె పెట్టుకో. నిరుడు పెట్టుకోలే?"

నిరుడు పెట్టుకుంది. దిగాక గంటసేపు కాళ్లు తిమ్మిరి పట్టి నిలబడలేకపోయింది.

"నువ్వు పో. నేను ఎల్లుండి బస్సుల వస్త."

"బస్సులనా?"

"ఆడోళ్లకు టికెట్ లేదు గదా. ఊకె నువ్వే అంటవు."

"మరి వంట?"

"సామానంత నీ తాననే ఉన్నది."

కోపగిస్తాడనుకుంది. అతను మాత్రం దేగిసనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఇంతలో హన్నమ్మ ఫోను, ఎంతసేపని. వస్తున్నానని చెప్పి గేరు వేసి వెళ్లిపోయాడు.

బండి మలుపు తిరిగాక గ్లోరీ గడప మీద కూలబడింది. అమ్మయ్య అని పైకే అంది. గుండెల మీది బండరాయి ఎవరో దించినట్టయింది. ఇంత సుళువా? ఈ ఒక్క ముక్క అనడానికి పదకొండేళ్లు ఎందుకు పట్టింది? చాయ్ పెట్టుకుని, చల్లారకముందే కూర్చుని తాగింది. ఆ మధ్యాహ్నం నిద్రపోయింది కూడా.

మూడోనాడు బస్సు దిగి డేరా వైపు చూడకుండా నేరుగా పందిరి కిందికి పోయింది. మొదటి వరసలో పాత స్నేహితురాలు కోమల జరిగి చోటిచ్చింది. గొంతు వస్తుందో రాదోనని గ్లోరీకి భయంగానే ఉంది. పాతరోజుల్లా పాట ఎత్తుకొమ్మని పాస్టరు సైగ చేశాడు. అప్పుడే సైమన్ ఆమెను వెతుక్కుంటూ వంగి వంగి జనంలోంచి వచ్చాడు. పొగకు కళ్లు ఎర్రబడ్డాయి, చొక్కా నిండా పిండి.

"కట్టెలు పచ్చిగున్నయి. పొయ్యి అంటుకుంటలేదు, ఏం జెయ్యాలె?"

"ఊదు," అని చెప్పి, గ్లోరీ లేచి నిలబడి పాట ఎత్తుకుంది.