కాపురం లేని ఐదంతస్తులు

నేను ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటుని. నాకు లిఫ్టుంది, బాల్కనీలున్నాయి, పార్కింగులో ఒక ఎర్ర కారు కూడా ఉంది. లేనిదల్లా మనుషులే. నా ఎత్తంతా కలిపితే మీ నడుము దాకా వస్తుంది. ఇల్లు లేవకముందే ఇల్లు చూపించడానికి బిల్డరు ఆఫీసుల్లో బల్ల మీద పెడతారే, ఆ నమూనాని.

గుంటూరులో గౌస్ అనే పనివాడు నన్ను చేశాడు. అట్టలు కోసి, జిగురు పూసి, ఊపిరి బిగబట్టి కిటికీలు అతికించాడు. ఎవరూ అడక్కపోయినా మూడో అంతస్తు బాల్కనీలో అగ్గిపెట్టంత తులసికోట పెట్టి తనే మురిసిపోయాడు. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తనకిచ్చిన ప్లాను ప్రకారమే నడుచుకున్నాడు. కింద అంతా కార్లకే వదలాలి, గోడ అన్నది కనపడకూడదు. అందుకని ఐదంతస్తుల బరువునూ సన్నటి పుల్లల మీద నిలబెట్టాడు. ఎవరైనా బల్లకు ఆనుకుంటే చాలు, నాకు మోకాళ్ళు వణికేవి.

అక్కణ్ణుంచి ఒంగోలులో మాల్యాద్రి అనే బిల్డరు ఆఫీసుకు చేరాను. నన్ను చూడటానికి వచ్చేవాళ్ళలో చాలామంది నాలో ఉండటానికి వచ్చేవాళ్ళు కాదు. అద్దెకిస్తే ఎంతొస్తుంది, కొన్నాళ్ళాగి అమ్మితే ఎంత పెరుగుతుంది, ఎప్పుడూ ఇవే మాటలు. ఈశాన్యం గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళు. బిల్డింగు లేవబోయే చోటు వానొస్తే నీళ్ళు నిలిచే పల్లమనీ, మట్టి తోలి చదును చేశారనీ ఊరందరికీ తెలుసు. ఆ వైపు భూమి అప్పుడప్పుడు కదులుతుందనీ తెలుసు. అయినా నేల సంగతి అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కోటిరత్నం గారు మాత్రం ఉండటానికే వచ్చారు. ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. స్నానానికి ఎన్ని బకెట్ల నీళ్ళు వాడాలో ఇంటివాళ్ళు చెప్పే అద్దె ఇళ్ళలోనే ఆమె జీవితమంతా గడిచింది. మొదటిరోజే మూడో అంతస్తు కిటికీ మీద వేలు పెట్టి, "ఇది నాది," అన్నారు. అంతవరకూ నన్నెవరూ అలా ముట్టుకోలేదు. ఆ తర్వాత ఏదో ఒక వంకతో వస్తూనే ఉండేవారు. ఇక్కడ మంచం, అక్కడ పప్పుల డబ్బాలు, తులసికోట పక్కన కుర్చీ అని నాకే చెప్పుకునేవారు. ఆమె రాని రోజున నాకు పొద్దు గడిచేది కాదు. అట్టగదులకు కూడా మనిషి కోసం బెంగ ఉంటుందని అప్పుడే తెలిసింది.

అగ్రిమెంటు మీద సంతకం పెట్టడానికి ఆమె వచ్చిన మధ్యాహ్నం, టీ గ్లాసులు వాటంతట అవే గలగలమన్నాయి. పైన ఫ్యాను ఊగింది. అందరూ కేకలు వేస్తూ రోడ్డు మీదకు పరుగెత్తారు. నాకు పరుగెత్తే కాళ్ళెక్కడివి? ఉన్న పుల్లలు కాస్తా పక్కకు ఒరిగి విరిగాయి. ఐదంతస్తులూ ఒక్క కిటికీ ఊడకుండా కిందకు దిగి, ఎర్ర కారు మీద కూర్చున్నాయి.

నేల సర్దుకున్నాక అందరూ నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. కోటిరత్నం గారు నవ్వలేదు.

"పైన చెక్కు చెదరలా. కింద కాళ్ళే పోయినయ్యి," అన్నారు.

"అట్టముక్కలమ్మా అయ్యి! మనం కట్టేది కాంక్రీటు గదా," అన్నాడు మాల్యాద్రి.

"కాంక్రీటే అనుకో. ఆ స్తంభాల మధ్యన గోడలేమన్నా లేపుతావా, ఇట్టా కాళ్ళ మీదే వదిలేస్తావా?"

"గోడలు లేపితే కార్లు యాడ పెట్టుకోవాలమ్మా?"

"పోనీ, నేల పరీక్షన్నా చేపిచ్చావా?"

"వాస్తు చూపిచ్చినాం గదమ్మా, పెద్ద సిద్ధాంతి గారి చేత!"

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెన్నుకు మూత పెట్టి, "నాకొద్దులే నాయనా," అని లేచారు. వెళ్తూ వెళ్తూ నా మూడో అంతస్తు దగ్గర ఆగారు. వేలు చాచబోయి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ చెయ్యి తగిలితే బాగుండునని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

మాల్యాద్రికి బుద్ధి వచ్చింది. నా స్థానంలోకి తెప్పించిన కొత్త నమూనాకు ఇనప కాళ్ళు పెట్టించాడు. అసలు బిల్డింగు ప్లాను మాత్రం మార్చలేదు. బిల్డింగు అలాగే లేచింది, ఇళ్ళన్నీ అమ్ముడుపోయాయి.

నేను పాతసామాన్ల కొట్టుకు చేరాను. ఇక్కణ్ణుంచి చూస్తే ఆ బిల్డింగు కనిపిస్తుంది. సాయంత్రం పూట మూడో అంతస్తులో ఎవరో ఆరిన బట్టలు తీస్తూ ఉంటారు. ఆమె అయితే ఎంత బాగుండును అనుకుంటాను. ఆమె కాకపోవడమే మంచిదని మరుక్షణం అనుకుంటాను. ఆ బట్టలు తీసేవాళ్ళూ మనుషులే కదా అని గుర్తొచ్చాక, ఇక ఏమనుకోవాలో తెలియదు.

మొన్న ఆమె పాత పేపర్లు అమ్మడానికి ఈ కొట్టుకే వచ్చారు. నన్ను చూసి గుర్తుపట్టారు.

"తీసుకుపోమ్మా, ఊరికే ఇస్తా," అన్నాడు కొట్టువాడు.

"అద్దింట్లో ఉండేదాన్ని. ఇంత బిల్డింగు యాడ పెట్టుకునేది?" అని నవ్వారు.

అయినా వెళ్ళిపోలేదు. నేల మీద చతికిలబడి నన్ను పైకెత్తారు. చుట్టుపక్కల పడున్న ఇటుకముక్కలు ఏరి, విరిగిన పుల్లల మధ్య గోడల్లా ఒక్కొక్కటే పేర్చి, నన్ను వాటి మీద కూర్చోబెట్టారు. అరచేత్తో అటూ ఇటూ తోసి చూశారు. నేను కదల్లేదు.

"ఇట్టా కట్టుంటే వచ్చేదాన్ని," అన్నారు నాతో.