కొలతలిచ్చినవాడు

తీగను మూడోసారి గుంజి చూసి, చుట్టచుట్టి కుడి జేబులో పెట్టుకున్నాడు. గోళ్లు కత్తిరించుకున్నాడు. చొక్కా గుండీలు ఒక్కొక్కటే లాగి చూసుకున్నాడు. ఊడిపడిన గుండీ ఒక్కటి చాలు, మనిషి పీకకు చుట్టుకోవడానికి.

"మధ్యాహ్నం భోజనానికొస్తారా?" అని వంటింట్లోంచి కేకేసింది భార్య.

"ఒకటిన్నరకల్లా వచ్చేస్తా."

ఒంటిగంటా పదికి మనిషిని చంపి, ఒకటిన్నరకు పీట మీద కూచుని అన్నం కలుపుకునే ఘనుడు! అతనికి పనులు తెచ్చిచ్చే టైర్ల కొట్టాయన పెట్టిన పేరు నిదానం.

పన్నెండేళ్లలో తొమ్మిదిమంది. వాళ్లలో ఒక్కరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. దూరంనుంచి చూసి వేళలు గుర్తుపెట్టుకోవడం, ఒంటరిగా దొరికినప్పుడు వెనకనుంచి వెళ్లడం, అంతే. ఈ పదో మనిషే తలనొప్పి తెచ్చిపెట్టాడు. ముసలి దర్జీ. కొట్టు ఖాళీ చెయ్యనన్నాడు, అదే అతను చేసిన నేరం. కుట్టడం, వండుకోవడం, పడుకోవడం అన్నీ కొట్టులోనే. గడప దాటడు. చచ్చినట్టు చొక్కా కుట్టించుకునే నెపంతో వెళ్లాల్సొచ్చింది. బుద్ధున్న హంతకుడెవడైనా ఒంటి కొలతలిస్తాడా? ఇతను ఇచ్చాడు.

ఆ రోజు మెడ చుట్టూ టేపు పడగానే ఒళ్లంతా చెమట పట్టింది.

"ఏం నాయనా, చక్కిలిగింతా?" అని నవ్వాడు దర్జీ. రెండడుగులు వెనక్కి వేసి పరకాయించి చూశాడు. "నీ ఎడం భుజం అర అంగుళం దిగిందయ్యా. ఎక్కడన్నా పడ్డావా?"

"చిన్నప్పుడు మా నాన్న మెట్లమీంచి తోసేశాడు."

కట్టుకున్నదానికి కూడా చెప్పని సంగతి. నోరెలా జారిందో అతనికే తెలియలేదు.

"పోన్లే, లోపల కాస్త గుడ్డ వేసి సరిచేస్తా. చూసినవాళ్లకి తెలిస్తే నన్నడుగు."

ఆ తర్వాత నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఇది తనవల్ల కాదేమోనని మొదటిసారి భయమేసింది. కాదంటే టైర్లాయన ఇంకొకణ్ణి పంపుతాడు. వాడు దర్జీని చంపుతాడు, ఆ తర్వాత ఇతన్ని.

ఐదో రోజు ఒంటిగంటా పదికి వీధంతా భోజనాలకు మూసుకుంది. కొత్త చొక్కా తొడిగి అద్దం ముందు నిలబెట్టాడు దర్జీ. భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. ముసలాయన వెనక్కి తిరిగి, వంగి కింద పడ్డ దారప్పోగులు ఏరుతున్నాడు. ఇంతకన్నా మంచి అదను దొరకదు. జేబులో తీగ వేలికి తగిలింది. చెయ్యి పైకి రాలేదు.

"బాబాయ్, నువ్వు ఊరొదిలి వెళ్లిపో. ఇప్పుడే. నిన్ను చంపమని నన్ను పంపించారు."

దర్జీ నవ్వబోయాడు. తలెత్తి ఇతని మొహం చూశాడు. అది వేళాకోళం కాదని తెలిసిపోయింది. చెయ్యి ఛాతీ మీదికి పోయింది, కుట్టుమిషను పట్టుకోబోయి దొరక్క కిందికి జారిపోయాడు.

అయ్యో, అదేమిటి! తొమ్మిదిమందిని వణక్కుండా చంపినవాడు కాళ్లూచేతులూ ఆడక బాబాయ్ బాబాయ్ అంటూ మొహం తడిమాడు, కళ్లజోడు తీశాడు, గుండీలు తెంపాడు, వీధిలోకి పరిగెత్తి గొంతు చించుకుని అరిచాడు. మందుల షాపాయన అన్నం చేత్తోనే వచ్చి నాడి చూశాడు.

"పోయాడండీ. మీకేమవుతారు?"

"బాబాయ్" అన్నాడు.

సాయంత్రం టైర్ల కొట్టాయన లేచి వచ్చి కౌగిలించుకున్నాడు.

"చెయ్యి కూడా వెయ్యలేదటగా! గుండెపోటని అందరూ ఒకటే చెప్పుకుంటున్నారు. ఎలా పడేశావయ్యా నిదానం?"

"నేను చంపలేదు. పారిపోయి బతకమని చెప్పా."

టైర్లాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అదిరింది! ఎవరడిగినా ఇదే చెప్పు."

చెప్పిన ఆ ఒక్క మాటే ప్రాణం తీసిందని ఎవరికి చెప్పుకోవాలి? ఇకమీద తనకు పని చెప్పొద్దని గొణిగాడు. అప్పుడు చూసుకున్నాడు, పిడికిట్లో ఇంకా ఏదో ఉంది. దాన్ని బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

దర్జీ కళ్లజోడు. విరిగిన కాడకు నల్లదారం చుట్టి ఉంది, కుడి అద్దం మీద ముసలాయన వేలిముద్ర ఉంది.