రెండేండ్ల పెద్దరికం

కురుమయ్య సారు ముప్పై ఏండ్ల సంది ఒక్క మనిషినే తిడుతుండు. చిన్నప్పుడు బడిల చేర్పిస్తుంటే, పోరడు పొడుగున్నడని రెండేండ్లు ఎక్కువ రాసిన పెద్దసారును. ఆ రాతతోని రెండేండ్ల నౌకరి పోతున్నదని, మొన్న ఎండకాలం పుట్టిన తేదీ మార్చమని నాగర్‌కర్నూల్‌ల ఆఫీసుల దరఖాస్తు పెట్టిండు. ఒక లీడరుతోని ఫోన్ గూడ చేయించిండు.

సెప్టెంబరుల సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. బల్మూర్‌ల స్టాఫ్ రూముల కూసొని యోసేపు సారు ఫోన్ల చూసి చెప్పిండు.

"పిల్లలకు మంచి చదువు హక్కంట. నౌకరిల ఉన్న టీచర్లు గూడ రెండేండ్లల్ల టెట్ పాస్ కావాలె. కాకుంటే ఇంటికే."

కురుమయ్య దిద్దుతున్న కాపీలు పక్కకు నెట్టిండు. "ఢిల్లీల జడ్జీలు రాస్తే ఈడ నాకెందుకయ్య పరీక్ష?"

"వాళ్లు రాస్తే దేశమంతటికి రాసినట్టే అన్నా. రిటైరుకు ఐదేండ్లకు తక్కువ మిగిలినోళ్లకే మాఫీ. నీకెంత మిగిలింది?"

రికార్డు ప్రకారం నాలుగేండ్ల తొమ్మిది నెలలు. దరఖాస్తు మంజూరైతే ఆరేండ్ల తొమ్మిది నెలలు.

ఆ రాత్రి అన్నం ముందల పెట్టుకొని ఏండ్లు లెక్కపెట్టుకుంట కూసున్నడు. "పొల్లగాండ్లకు సున్నాలేసేటప్పుడు లేని భయం ఇప్పుడేంది?" అన్నది భార్య పార్వతమ్మ.

తెల్లారి మొదటి బస్సుకే ఆఫీసుకు ఉరికిండు.

"మీ ఫైలా సారూ?" క్లర్కు రేణుక బీరువా మీది కట్ట దించి దుమ్ము దులిపింది. "ఇంక ఇప్పనే లేదు. పరేషాన్ గాకుండ్రి, ఇయ్యాల్నే చూస్త."

"వద్దు తల్లీ! ముట్టుకోకు!"

నాలుగు నెలలు ఫైలు కదలలేదంటే మామూలుగ యూనియన్‌ను పిలిచేటోడు. ఇయ్యాల మాత్రం ఆమెకు మిఠాయి తెప్పిద్దామా అనుకున్నడు.

"వాపస్ తీసుకుంటే కారణం రాయాలె సారూ."

జర ఆలోచించి రాసిండు: "సుప్రీంకోర్టు మీద గౌరవంతో, నా పాత వయసే నాకు ఉండనియ్యగలరని మనవి."

రేణుక నవ్వాపుకొని ముద్రేసింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉన్నది. కాలేజీ పిల్ల ఒకతి లేచి, "కూసో తాతా" అన్నది. వారం వారం జుట్టుకు రంగేసే మనిషి, వేరే రోజైతే కొట్లాడేటోడు.

"సల్లగుండు బిడ్డా," అని కాళ్లు సాపుకొని కూసున్నడు.