గట్టయ్య ఎత్తని బోను

బ్రేకు పిడిని నూనెగుడ్డతో ఇంకోసారి తుడిచి, గట్టయ్య ఖాళీ బోనును బాయిలోకి వదిలాడు. మనుషులను ఎక్కించే ముందు ప్రతి షిఫ్టులోనూ బోను ఒకసారి ఉత్తగా దిగి రావాలి. తాడు, బ్రేకు, లోతు చూపే ముల్లు అన్నీ చెప్పినట్టు విన్నాయి. ఎడమ చెయ్యి ఒక్కటే పొద్దుటి నుంచి మొండికేస్తోంది. రాత్రి దాని మీద పడుకొని ఉంటానని సర్దిచెప్పుకున్నాడు.

బెల్లంపల్లి దగ్గరి బొగ్గుబాయి అది. బాయి మూతికి కొంచెం ఎడంగా, ఎత్తైన గద్దె మీద ఇంజన్ గది. ఆవిరి ఇంజనును తిప్పి ఇనుప బోనును దించడం, ఎత్తడం గట్టయ్య పని. బోనులో ఉన్నవాళ్లు అతనికి కనిపించరు, అతను వాళ్లకు కనిపించడు. బాయి మూతి దగ్గర రాజం గంట కొడతాడు. ఒకసారి మోగితే బొగ్గు, మూడుసార్లు మోగితే మనుషులు. బొగ్గును ఎంత జోరుగా లాగినా అడిగేవాడు లేడు. మనుషులను మాత్రం నెత్తి మీది నిండు కడవను దించినట్టు దించాలి.

గది తలుపుకు ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అని ఒక రేకు కొట్టి ఉంది. నిజాం జమానా పోయింది, హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, రేకు మాత్రం కదల్లేదు. నియమం మంచిదే. కాని ఏళ్ల తరబడి దాని కింద బతికిన మనిషికి బయట కూడా మాట పెగలడం మానేసింది. “నీకు గంట కొడితేనే పలుకుతవా?” అని భార్య సత్తవ్వ దెప్పేది. ఆమె పోయాక, కంపెనీ క్వార్టరులో దెప్పే దిక్కు కూడా లేకుండా పోయింది.

ఒకసారి కల్లు దుకాణంలో పక్కన కూర్చున్న హనుమంతు అనే బాయి కార్మికుడు, “గా ఇంజనోడు ఎవడో గాని, బోను ఆగింది సుత తెల్వనియ్యడు” అన్నాడు. గట్టయ్య తల వంచుకొని తాగాడు. నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఒక్క మాటనే అప్పటి నుంచి రోజూ జొన్న గటకలోకి నంజుకు తింటున్నాడు.

సాయంత్రమైంది, షిఫ్టు ముగిసి మనుషులు పైకి వచ్చే వేళ. ఒక్కో బోనూ మెత్తగా పైకి వచ్చింది. ఆఖరి బోను మిగిలింది. గంట మూడుసార్లు మోగింది.

గట్టయ్య పిడి మీద చెయ్యి వేశాడు. వేసినట్టు కళ్లకు కనిపించింది గాని చేతికి తెలియలేదు. ఛాతీలో ఏదో బిగుసుకుంటోంది. ఒక్క బోనే కదా, ఎత్తి పోదామని మనసు లాగింది. నడిమధ్యలో ఈ చెయ్యి చచ్చుబడితే బోను ఆగకుండా పోయి బాయి మీది తాడు చక్రాలకు కొట్టుకుంటుంది. లోపలివాళ్లు ఒక్కరూ మిగలరు.

ఒళ్లు బరువంతా వేసి బ్రేకును బిగించాడు. దానికి ఇనుప చీల దిగ్గొట్టి, ఆవిరి కట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ మూడుసార్లు మోగింది. మళ్లీ మోగింది. మనుషులు పిలిస్తే అతను పలకకపోవడం అదే మొదలు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

రాజం రొప్పుతూ గద్దె ఎక్కి వచ్చాడు. “ఏందే గట్టన్నా! లోపట మంది నిలవడ్డరు. బూతులు తిడుతున్నరు.”

“తిట్టనీ. చేతికి తెలుస్తలేదు రాజం. నేను ఎత్త. రెండో షిఫ్టు డ్రైవరు దేవదాసును పిలువు.”

“అయ్యో, డాక్టర్ను పిలుస్త.”

“ముందుగాల దేవదాసు. ఆళ్లు చీకట్ల ఉన్నరు.”

దేవదాసుకు పని నేర్పింది గట్టయ్యే. ‘చెయ్యి నీ మాట ఇననినాడు ఇంజను ముట్టకు’ అన్నది అతని మొదటి పాఠం. దేవదాసు పరుగున వచ్చి అతన్ని గోడవారగా బల్ల మీద కూర్చోబెట్టి, చీల తీసి, పిడి పట్టుకున్నాడు.

“పైలం. మెల్లగ” అన్నాడు గట్టయ్య.

బోను నడుస్తున్నంతసేపూ ముల్లు మీది నుంచి చూపు తిప్పకూడదు. దేవదాసు తిప్పలేదు. బోను నేలమట్టానికి వచ్చి ఆగాక, ముఖం విప్పారి వెనక్కి తిరిగాడు. “గట్టన్నా, మంచిగ ఆగిందా?”

బల్ల మీద గట్టయ్య గోడకు తల ఆనించి ఉన్నాడు. కళ్లు ఇంకా ముల్లు వైపే ఉన్నాయి.

పైకి వచ్చినవాళ్లు మసి ముఖాలతో, కోపంతో గద్దె ఎక్కారు. అందరికన్నా ముందు హనుమంతు. “ఏడీ వాడు? నిద్రవొయ్యిండా?” అని అరుస్తూ వచ్చి గడపలోనే ఆగిపోయాడు. రాజం జరిగింది చెప్పాడు. ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అన్న రేకు మాటను బాయి బాయంతా ఒకేసారి పాటించినట్టయింది.

“గా ఇంజనోడు గీయననేనా?” అన్నాడు హనుమంతు. “కల్లు దుకాణంల నా పక్కకే కూసునేటోడు. ఒక్కనాడన్న చెప్పలే.”

వాళ్లే బల్లతో సహా అతన్ని ఎత్తుకున్నారు. ఒక్క కుదుపు లేకుండా మెట్లు దించారు. గదిలో, కుర్చీ పక్కన, దేవదాసు తీసి పెట్టిన ఇనుప చీల గట్టయ్య చేతి నూనెతో ఇంకా మెరుస్తోంది.