వేటకెళ్ళిన సాక్షి

విశాఖలో ఆ జాలరిపేటకు ఖాకీ చొక్కా వచ్చి ఎవరి కోసం అడిగినా జవాబు ఒకటే: వేటకెళ్ళాడు. ఎందుకొచ్చారన్నది తర్వాతి సంగతి, ముందు మనిషిని తప్పించాలి. తాతల నాటి కట్టుబాటు మరి! రెండువేల పదిలో కానిస్టేబుల్ గవర్రాజు వచ్చి పైడయ్య ఎక్కడని అడిగితే పోతమ్మ కూడా అదే చెప్పింది.

"ఏటకెల్లిపోనాడు బాబూ. ఎప్పుడొత్తాడో గంగమ్మ తల్లికే ఎరుక."

పైడయ్య అప్పుడు ఆమె ఇంట్లోనే, వలల కుప్ప కింద, తుమ్ము ఆపుకుంటూ పడున్నాడు.

పోతమ్మ మొగుడు సింహాద్రి, ఈ పైడయ్య ఒకే సరుకు ఓడలో ఖలాసీలుగా వెళ్ళారు. యుద్ధం నడుస్తున్న ఏదో దేశపు రేవులో సైనికులు జనాన్ని నిలబెట్టి కాల్చేశారు. సింహాద్రి అక్కడే పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. కళ్ళారా చూసినవాడు పైడయ్య ఒక్కడే. కాల్పించిన సేనాని మీద అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో విచారణ మొదలైందని విన్న నాటి నుంచి పోతమ్మకు ఒకటే కోరిక: ఆ కోర్టు పైడయ్యను పిలవాలి, వాడు వెళ్ళి చూసింది చెప్పాలి.

కోర్టు పిలవకపోలేదు. 'మీ మనిషిని సాక్షిగా పంపండి' అని మన ప్రభుత్వాన్నే అడిగింది. ఇంకేముంది! ఢిల్లీలో తలలు పట్టుకున్నారు. సరేనంటే మన దేశం చేరని ఆ కోర్టు పెత్తనాన్ని ఒప్పుకున్నట్టు, కాదంటే నలుగురిలో తలవంపులు. ఏదీ అనకుండా కిందికి తోసేశారు. కిందివాళ్ళేమైనా తక్కువ తిన్నారా? వాళ్ళూ తోశారు. చేతులు మారేకొద్దీ ఉత్తరం చిక్కిపోయింది. సాక్షి అన్న మాట ఒకచోట, కోర్టు పేరు ఇంకోచోట రాలిపోయి, 'పైడయ్యను హాజరుపరచవలెను' అన్న ముక్క మాత్రం గవర్రాజుకు దక్కింది. దొంగను పట్టుకోడానికి వచ్చినట్టే వచ్చాడు, పాపం అతని తప్పేముంది!

'మనిషి సముద్రంలో ఉన్నాడు' అన్న అతని జవాబు మాత్రం రెక్కలు కట్టుకుని ఢిల్లీ చేరింది. మేం పూర్తిగా సహకరించాం, మనిషే దొరకలేదని కోర్టుకు హాయిగా చెప్పేశారు.

ఆ తర్వాత చేపలు కొనడానికొచ్చిన గవర్రాజు మాటల్లో అన్నాడు, పైడయ్యను పిలిచింది ఫారిన్ కోర్టట, సాక్ష్యానికట అని.

"ఓలమ్మో! నా నోటితో నానే సెడగొట్టుకున్నాన్రా దేవుడా!" అని పోతమ్మ గుండెలు బాదుకుంది. పైడయ్య రెక్క పట్టుకుని స్టేషనుకు ఈడ్చుకెళ్ళింది.

ఇన్స్పెక్టర్ దేవీప్రసాద్ ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "ఎలాగమ్మా? వీడు సముద్రంలో ఉన్నాడని ఢిల్లీవాళ్ళే చెప్పేశారు. ఇక్కడున్నాడంటే ప్రభుత్వం అబద్ధమాడినట్టు కాదూ?"

"అబద్దమాడింది నాను బాబూ. నన్ను లోపలెయ్యండి, ఆడిని పంపండి."

"పోనీ, సముద్రంలోంచే పంపినామని సెప్పండి," అన్నాడు పైడయ్య.

"నువ్వు నోరు ముయ్యి!" అన్నాడు దేవీప్రసాద్.

గవర్రాజు బుర్ర గోక్కున్నాడు. "ఒడ్డుకొచ్చేసినాడని రాసేద్దాం సార్. ఏటకెల్లినోడు ఎప్పుడో అప్పుడు రాడేటండి?"

దేవీప్రసాద్ మొహం వెలిగింది. వెంటనే రాయడం మొదలుపెట్టాడు. పోతమ్మ ఆ కలం వంకే చూస్తూ నిలబడింది.

"అలా రాసేత్తే వచ్చేసినట్టేనా బాబూ?"

"అంతేనమ్మా. వచ్చేసినట్టే."

"అయితే ఆ పక్కన మా సింహాద్రి పేరు కూడా రాసీండి."

దేవీప్రసాద్ తల ఎత్తలేకపోయాడు. పైడయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.